పాత ల్యాప్‌టాప్‌లలో ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన: విఘ్నములు, పరిహారములు

నిర్వచనము

కంప్యూటర్‌లోని యంత్రభాగములకును, వానిపై నడచు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, మెమొరీని, డిస్కును, తెరను, కీబోర్డును దేనికెంత కావలయునో అంత పంచి నడిపించు మూల సాఫ్ట్‌వేర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. విండోస్, లినక్స్, మాక్ ఓఎస్ ఇట్టివి. డిస్కుపై ఇదివరకే యున్న వ్యవస్థ చెడిపోయినప్పుడుగాని, మందగించినప్పుడుగాని, తయారీదారు దానికి మరమ్మతులందించుట మానినప్పుడుగాని, అదే వ్యవస్థనో వేఱొక వ్యవస్థనో మరల నెలకొల్పుట పునఃస్థాపన. తెలుగునాట సర్వీసు దుకాణములలో దీనిని ‘ఫార్మాట్ కొట్టుట’ యనియు, ‘విండోస్ వేయుట’ యనియు చెప్పుకొందురు. నిజమునకు ఈ రెండును ఒకటి కావు. ఫార్మాట్ అనగా డిస్కులోని ఒక విభాగము యొక్క పాత ఫైళ్ల పట్టికను తుడిచి కొత్త పట్టికను వ్రాయుట మాత్రమే. పునఃస్థాపనలో అది ఒక మెట్టు, కొన్ని పద్ధతులలో ఆ మెట్టుతో పనియే లేదు. ‘ఫార్మాట్ కొట్టండి’ యన్న ఒక్క మాటతో ల్యాప్‌టాప్‌ను దుకాణదారు చేతికిచ్చినవాడు తన ఫోటోలు, పత్రములు తుడిచివేయుటకు తానే అనుమతి యిచ్చినట్లని గ్రహింపడు గనుక, ఈ భేదమును మొదటనే చెప్పవలసివచ్చినది.

ఈ వ్యాసములో ‘పాత ల్యాప్‌టాప్’ అనగా ఇంచుమించు 2005, 2015 సంవత్సరముల నడుమ తయారై, ఇంటెల్ లేక ఏఎండీ ప్రాసెసర్‌తో నడచునది. ఆ పదేండ్లలో బయాస్ స్థానమున యూఈఎఫ్ఐ వచ్చెను. 32 బిట్ల వ్యవస్థలు పోయి 64 బిట్లవి నిలిచెను. డిస్కుతో సంభాషించు ఐడీఈ పద్ధతి పోయి ఏహెచ్‌సీఐ వచ్చెను. సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చెను. తిరుగు హార్డ్‌డిస్క్ స్థానమున ఎస్ఎస్‌డీ చేరసాగెను. ఒకే యంత్రములో ఈ మార్పులలో కొన్ని జరిగి కొన్ని జరుగకుండుటయే పాత ల్యాప్‌టాప్‌లలో పునఃస్థాపన విఫలమగుటకు ముఖ్యకారణము. యంత్రము ఒక కాలమునకు, డిస్కుపై విభజన వేఱొక కాలమునకు, పెన్‌డ్రైవ్‌లోని వ్యవస్థ మూడవ కాలమునకు చెందియుండగా, విఘ్నము చెడిపోయిన భాగములో కాక భాగముల పొందికలేమిలో నుండుట తఱచు.

చరిత్ర

1981లో ఐబీఎం పీసీ వెలువడినప్పుడు దానికి హార్డ్‌డిస్క్ లేదు. డాస్ వ్యవస్థ ఫ్లాపీనుండియే నడిచెడిది గనుక పునఃస్థాపన యను సమస్యయే లేదు, పాడైన ఫ్లాపీకి మాఱుగా నకలును పెట్టినచో చాలును. 1983లో పీసీ డాస్ 2.0తో హార్డ్‌డిస్క్ వాడుకయు, దానితో మాస్టర్ బూట్ రికార్డు (ఎంబీఆర్) అను విభజన పట్టికయు వచ్చినవి. నలువది యేండ్లు దాటినను ఆ పట్టిక ఇంకను ఎన్నో ల్యాప్‌టాప్‌లలో నుండుట ఈ శాస్త్రమున గమనింపదగిన విషయము.

2001 అక్టోబర్ 25న విడుదలయిన విండోస్ ఎక్స్‌పీ, నేరుగా సీడీనుండి బూట్ అయి స్థాపించుకొను పద్ధతిని ఇంటింటికి చేర్చెను. విండోస్ యాక్టివేషన్ అను లైసెన్సు ధ్రువీకరణమును గృహ వినియోగదారులకు పరిచయము చేసినదియు అదియే. తయారీదారులు తొలుత రికవరీ సీడీలను ల్యాప్‌టాప్‌తో నిచ్చి, పిమ్మట ఆ ఖర్చును మానుకొని, హార్డ్‌డిస్క్‌లోనే ఒక రహస్య విభాగమున వ్యవస్థ ప్రతిని దాచసాగిరి. డిస్కు చెడినప్పుడు ఆ ప్రతియు దానితోనే పోవుట ఈ ఏర్పాటులోని లోపము. 2007 నాటి విండోస్ విస్టాతో, ఫైళ్లను ఒక్కొక్కటిగా నకలు చేయుటకు బదులు, సిద్ధముగా కూర్చిన ప్రతిబింబమును డిస్కుపై విప్పు పద్ధతి వచ్చెను. 2009 అక్టోబర్ 22న విండోస్ 7, 2012 అక్టోబర్ 26న విండోస్ 8, 2015 జులై 29న విండోస్ 10, 2021 అక్టోబర్ 5న విండోస్ 11 వెలువడినవి.

లినక్స్ విషయమున, 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన కెర్నల్‌ను ఆధారము చేసికొని డెబియన్ 1993లోను, ఉబుంటు 2004లోను పుట్టినవి. స్థాపింపకుండనే సీడీనుండి సంపూర్ణ వ్యవస్థను నడపు ‘లైవ్’ పద్ధతిని లినక్స్ పంపిణీలు వ్యాప్తిలోనికి తెచ్చినవి. పాత ల్యాప్‌టాప్‌ను పరీక్షించువానికి ఇంతకు మించిన సాధనము లేదు: వైఫై, శబ్దము, తెర, టచ్‌ప్యాడ్ పనిచేయునో లేదో డిస్కును ముట్టకుండనే తెలియును.

పునఃస్థాపన విధములు

ఉన్న వ్యవస్థపైననే దానిని మరల వేసి, ఫైళ్లను ప్రోగ్రాములను నిలుపుకొనుట మొదటి విధము. దీనికి పాత వ్యవస్థ బూట్ కావలెను గనుక పూర్తిగా పడిపోయిన యంత్రమునకు ఉపకరింపదు. విండోస్ 8 నుండి అమరికలలోనే యున్న ‘రీసెట్’ రెండవది. విండోస్ 10 నుండి అది ఫైళ్లను ఉంచుటకో తుడుచుటకో వినియోగదారుని అడుగును. రహస్య విభాగమునుండి కొనినప్పటి స్థితికి త్రిప్పుట మూడవది. దీనివలన డ్రైవర్లన్నియు వచ్చును, కాని వ్యవస్థయు ఆనాటి పాతదే వచ్చును. విభాగములను తుడిచి కొత్త మాధ్యమమునుండి వేయు ‘క్లీన్ ఇన్‌స్టాల్’ నాలుగవది. ఈ వ్యాసమున చెప్పబడు విఘ్నములలో అధికభాగము ఈ నాలుగవ విధమునకు సంబంధించినవి.

ఆరంభక్రమము

విఘ్నమెక్కడ నున్నదో కనుగొనుటకు, మీట నొక్కినది మొదలు తెర వెలిగి వ్యవస్థ సిద్ధమగువరకు జరుగు క్రమము తెలిసియుండవలెను. ఇది తెలియనివాడు ప్రతి పొరపాటుకును మరల మొదటినుండి స్థాపించుచునే యుండును, తెలిసినవాడు ఆగిన చోటుచూచి కారణమును చెప్పగలడు.

మదర్‌బోర్డుపై చిప్‌లో నుండు ఫర్మ్‌వేర్, అనగా బయాస్ లేక యూఈఎఫ్ఐ, మొదట మేల్కొని మెమొరీని, కీబోర్డును, డిస్కులను పరీక్షించును. ఈ దశలోనే యంత్రము ఆగి, బీప్ శబ్దములు చేసినను, తెర నల్లగానే యుండినను, దోషము ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు. ఎన్నిసార్లు విండోస్ వేసినను ప్రయోజనము లేదు. పరీక్ష ముగిసిన పిదప ఫర్మ్‌వేర్ తనకు నిర్దేశింపబడిన వరుసలో మాధ్యమములను వెదకును. పాత బయాస్ అయినచో డిస్కు యొక్క మొట్టమొదటి 512 బైట్ల సెక్టారును చదువును. అందు 446 బైట్లు బూట్ ఆదేశములు, 64 బైట్లు నాలుగు విభాగముల పట్టిక, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్ర. ఆ ముద్ర లేనిచో ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ వంటి సందేశము వచ్చును. యూఈఎఫ్ఐ అయినచో ఆ సెక్టారుతో పనిలేక, ఫ్యాట్ 32 పద్ధతిలో ఏర్పఱచిన ఒక ప్రత్యేక విభాగమునుండి బూట్ ఫైలును పేరుతో తెఱచును. ఆ పిమ్మట బూట్ లోడర్, దాని వెనుక కెర్నల్, దాని వెనుక డ్రైవర్లు వరుసగా వచ్చును. ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అన్నది ఎక్స్‌పీ కాలపు బూట్ లోడర్ కనబడలేదనుటకును, ‘బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అన్నది విస్టా, విండోస్ 7 కాలపుది కనబడలేదనుటకును, ‘గ్రబ్ రెస్క్యూ’ అను మాట లినక్స్ బూట్ లోడర్ తన ఫైళ్ల విభాగమును పోగొట్టుకొన్నదనుటకును గుర్తులు. నీలితెర వచ్చినదనిన కెర్నల్ వరకు చేరినదనియే అర్థము గనుక, అది నల్లతెర కంటె మేలైన సూచన.

పూర్వసిద్ధత

మొదటి పని ఫైళ్లను వేఱొక డిస్కునకు చేర్చుట. వ్యవస్థ బూట్ కాకపోయినను లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో యంత్రమును లేపి, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మాత్రమే కాక, బ్రౌజర్ బుక్‌మార్కులను, మెయిల్ ఫైళ్లను, ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాముల డేటా ఫోల్డరును, ఫాంట్లను కూడ నకలు తీయవలెను. విభాగము బిట్‌లాకర్ అను గూఢీకరణముతో బంధింపబడియున్నచో 48 అంకెల రికవరీ కీ లేనిదే లోపలి ఫైళ్లు తెఱచుట సాధ్యము కాదు.

రెండవది డిస్కు ఆరోగ్యము. ప్రతి డిస్కునకును తన లోపములను తానే లెక్కించుకొను స్మార్ట్ పట్టిక గలదు. అందు 5వ వరుస, చెడిపోయి మార్చబడిన సెక్టార్ల సంఖ్యను, 197వ వరుస, చదువుటకు వీలుగాక వేచియున్న సెక్టార్ల సంఖ్యను చూపును. 197వ వరుసలో సున్న కానిది కనబడి, అది దినదినము పెరుగుచున్నచో, ఆ డిస్కుపై ఏ వ్యవస్థ వేసినను నిలువదు. డేటాను ముందు తీసికొని డిస్కును మార్చుటయే పరిహారము. ఈ ఒక్క పరీక్షకు అయిదు నిమిషములు చాలును. అది చేయకపోవుటచే దినమంతయు వృథాయగుట సామాన్యము.

మూడవది లైసెన్సు. విండోస్ 7 కాలపు ల్యాప్‌టాప్‌ల అడుగున 25 అక్షరముల కీ గల చీటి అంటింపబడియుండును. ఒడిలో పెట్టుకొని పనిచేయుటచే, వేడిచే, అరచేతి చెమటచే ఆ అక్షరములు అరిగి, 8కిని బీకిని, 6కును జీకిని భేదము తెలియకపోవును. కొన్నింట ఆ చీటి బ్యాటరీ క్రింద నుండుటచే చెక్కు చెదరక మిగిలినది. చదువ వీలున్నప్పుడే ఫోటో తీసి దాచుట ఉచితము. కీని చూపించు సాఫ్ట్‌వేర్‌తో తెలియునది పలుమారు తయారీదారుడు వేలకొలది యంత్రములకు వాడిన ఉమ్మడి కీ. అది బయాస్‌లోని ముద్రతో కలిసినప్పుడే చెల్లును, దుకాణములో కొన్న డిస్కుతో చెల్లదు. విండోస్ 8 నాటినుండి కీ ఫర్మ్‌వేర్‌లోనే నిక్షిప్తమై, స్థాపన కార్యక్రమము దానిని తానే చదివికొనును. ఇందుచే వేఱొక చిక్కు కలిగినది: సింగిల్ లాంగ్వేజ్ సంచికతో వచ్చిన యంత్రములో ప్రో సంచికను వేయదలచినను, స్థాపన కార్యక్రమము అడుగకయే పాత సంచికను ఎన్నుకొనును.

నాలుగవది నెట్‌వర్క్ డ్రైవర్. తక్కిన డ్రైవర్లను ఇంటర్నెట్‌నుండి తెచ్చుకొనవచ్చును. ఇంటర్నెట్‌నకే కావలసిన డ్రైవర్‌ను ముందుగా తెచ్చి పెన్‌డ్రైవ్‌లో నుంచవలెను. ఛార్జర్ గుచ్చియే పని మొదలిడవలెనని చెప్పుట అనావశ్యకముగా దోచవచ్చును గాని, పదేండ్ల బ్యాటరీ సగము ఛార్జ్ చూపుచుండగనే హఠాత్తుగా ఆరిపోవుట కద్దు. బయాస్ నవీకరణ నడుమ అది జరిగినచో మదర్‌బోర్డు నిరుపయోగమగు ప్రమాదము గలదు.

విఘ్నములు

పెన్‌డ్రైవ్ నుండి బూట్ కాకుండుట. బూట్ మెనూను తెచ్చు మీట తయారీదారునిబట్టి మాఱును: డెల్, థింక్‌ప్యాడ్ యంత్రములలో ఎఫ్ 12, హెచ్‌పీలో ఎస్కేప్ తరువాత ఎఫ్ 9, కొన్ని లెనోవో నమూనాలలో ప్రక్కనుండు చిన్న రంధ్రములో సూదితో నొక్కు నోవో మీట. ఏసర్ యంత్రములు కొన్నింట ఎఫ్ 12 ముందుగా బయాస్‌లో అనుమతింపబడియుండవలెను. మెనూలో పెన్‌డ్రైవ్ పేరే కనబడనిచో, అది తయారైన పద్ధతిలో దోషము వెదకవలెను. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనికి లాగి వదలినంత మాత్రమున పాత బయాస్‌కు అది బూట్ మాధ్యమము కాదు. రూఫస్, వెంటాయ్ వంటి ఉపకరణములు బూట్ సెక్టారును కూడ వ్రాయును. యూఈఎఫ్ఐకి మాత్రము ఫ్యాట్ 32 విభాగము కావలెను. ఫ్యాట్ 32లో ఒక ఫైలు 4 గిగాబైట్లను మించరాదు. విండోస్ 10 తరువాతి ప్రతులలో ప్రధాన ప్రతిబింబ ఫైలు ఈ పరిమితిని దాటుచుండుటచే దానిని ముక్కలు చేసియో, రూఫస్ చేయునట్లు ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువు ఒక చిన్న సహాయక విభాగమును చేర్చియో వాడవలెను. సెక్యూర్ బూట్ అను నిబంధన 2012 తరువాతి యంత్రములలో నుండును. సంతకము లేని పాత మాధ్యమములను అది త్రోసిపుచ్చును గనుక దానిని తాత్కాలికముగా ఆపవలెను.

విభజన పట్టికల వైరుధ్యము. విభాగమును ఎన్నుకొను తెరపై, ఈ డిస్కుపై విండోస్ వేయుట సాధ్యము కాదనియు, డిస్కులో ఎంబీఆర్ పట్టిక యున్నదనియు, ఈఎఫ్ఐ యంత్రములలో జీపీటీ అను కొత్త పట్టికయే కావలెననియు సందేశము వచ్చుట పాత ల్యాప్‌టాప్‌ల యజమానులకు చిరపరిచితము. చాలమంది దీనిని డిస్కు చెడినట్లు భ్రమింతురు. డిస్కునకేమియు కాలేదు, పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయినది, డిస్కు మాత్రము పాత పద్ధతిలో విభజింపబడియున్నది, అంతే. ఒకే పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో రెండుమార్లు, ఒకచోట యూఈఎఫ్ఐ అను ముందుమాటతోను, వేఱొకచోట అది లేకయు కనబడుచుండును. రెండవదానిని ఎన్నుకొనినచో పాత పట్టికతోనే స్థాపన సాగును. డేటా నకలు తీసియుంచినవారు డిస్క్‌పార్ట్ అను ఉపకరణపు ఆదేశములతో డిస్కును శుభ్రము చేసి జీపీటీగా మార్చవచ్చును. ఆ ‘క్లీన్’ ఆదేశము ఎన్నుకొన్న డిస్కులోని విభాగములన్నిటిని, డీ, ఈ డ్రైవులతో సహా, ఒక్క క్షణములో తొలగించునని, ఏ ధ్రువీకరణమును అడుగదని జ్ఞాపకముంచుకొనవలెను; పెన్‌డ్రైవ్ ఏ సంఖ్యయో, హార్డ్‌డిస్క్ ఏ సంఖ్యయో పరిమాణమును చూచి రెండుమార్లు సరిపోల్చిన పిదపనే ఎంటర్ నొక్కవలెను. ఎంబీఆర్ సుమారు 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా వాడుకొనలేదు. అయినను 320, 500 గిగాబైట్ల ల్యాప్‌టాప్ డిస్కులకు ఈ హద్దు బాధింపదు.

విండోస్ 7ను యూఈఎఫ్ఐ యంత్రములో వేయువారికి వేఱొక మెలిక గలదు. 64 బిట్ల విండోస్ 7 యూఈఎఫ్ఐలో బూట్ కాగలదు గాని, తెరను చూపుటకు పాత బయాస్ సేవలనే ఆశ్రయించును. సీఎస్ఎం అను అనుకూలతా భాగము మూయబడియున్నచో ‘స్టార్టింగ్ విండోస్’ వద్ద నిలిచిపోవును.

డిస్కు కనబడకుండుట. ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. ఆ పద్ధతిలో నున్న డిస్కును చూడలేక, స్థాపన మధ్యలో 7బి అను సంకేతముతో నీలితెర వచ్చును. అప్పట్లో ఎఫ్ 6 నొక్కి ఫ్లాపీనుండి డ్రైవర్ నిచ్చు ఏర్పాటుండెను. ఫ్లాపీ డ్రైవ్ లేని ల్యాప్‌టాప్‌లో బయాస్‌లో ఐడీఈ పద్ధతికి మార్చుటయే సుగమమార్గము. స్థాపన ముగిసిన తరువాత ఈ అమరికను త్రిప్పినను అదే నీలితెర వచ్చును, ఏలనన వ్యవస్థ తనకు అవసరములేని డ్రైవర్‌ను నిద్రపుచ్చియుండును. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ రెయిడ్ పద్ధతిలో నుంచబడిన కొన్ని యంత్రములలో విండోస్‌కును, లినక్స్‌కును డిస్కు కనబడకపోవుట ఇట్టిదే.

నకలు మధ్యలో ఆగుట. 80070570 తో ముగియు దోషసంఖ్య ఫైళ్లు చెడినవనియు, 8007045డి తో ముగియునది చదువుటలో వ్రాయుటలో అవరోధము కలిగినదనియు తెలుపును. ఇందు మొదట అనుమానింపవలసినది పెన్‌డ్రైవ్. దించుకొన్న ఐఎస్‌ఓ ఫైలు యొక్క షా-256 ముద్రను ప్రచురింపబడిన దానితో పోల్చిచూడవలెను. రెండవది మెమొరీ: మెమ్‌టెస్ట్ 86 ప్లస్‌ను ఒక రాత్రి నడిపించి, దోషము కనబడినచో ర్యామ్ పలకలను ఒక్కొక్కటిగా తీసి పరీక్షింపవలెను. బంగారు పూతగల వాని పండ్లను మెత్తని రబ్బరుతో తుడిచి మరల బిగించుటతోనే దోషము తీఱుట పెక్కుమార్లు జరుగును. మూడవది వేడి. స్థాపన ఒక గంటసేపు ప్రాసెసర్‌ను తీరిక లేకుండ పనిచేయించును. ఫ్యానునకును రాగి పలకకును నడుమ దుమ్ము చాప వలె పేరుకొన్న ల్యాప్‌టాప్ ఆ గంటలో తనను కాపాడుకొనుటకు ఆరిపోవును. ప్రతిమారు వేర్వేరు శాతముల వద్ద ఆరినచో వేడిని, ఒకే శాతము వద్ద ఆగినచో మాధ్యమమును లేక డిస్కును శంకింపవలెను.

యూఎస్‌బీ తగాదాలు. విండోస్ 7 మాధ్యమములో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. పెన్‌డ్రైవ్‌ను నీలిరంగు రంధ్రములో గుచ్చినచో, బూట్ మొదలై, పిదప సీడీ, డీవీడీ డ్రైవర్ కనబడలేదను అసంబద్ధ సందేశము వచ్చును. పెన్‌డ్రైవ్‌ను నల్లరంగు యూఎస్‌బీ 2.0 రంధ్రమునకు మార్చినచో అది మాయమగును.

మొదటి పునరారంభమున మరల మొదటికి వచ్చుట. స్థాపన తొలి అంకము ముగిసి యంత్రము తానే ఆరి వెలిగినప్పుడు పెన్‌డ్రైవ్ వరుసలో ముందుండినచో, భాషను ఎన్నుకొను తెర తిరిగి వచ్చును. దానిని చూచి తొలిప్రయత్నము విఫలమైనదనుకొని రెండవమారు వేయువారు కలరు. ఆ క్షణమున పెన్‌డ్రైవ్‌ను తీసివేసినచో చాలును.

గడియారము. మదర్‌బోర్డుపై సీఆర్ 2032 అను 3 వోల్టుల నాణెపు బ్యాటరీ సన్నగిల్లినచో, ఆర్పి వెలిగించినప్పుడెల్ల తేదీ ఏండ్లు వెనుకకు పోవును, బయాస్ అమరికలును తొలిస్థితికి వచ్చును. వెనుకటి తేదీని నమ్మిన వ్యవస్థ నేటి భద్రతా పత్రములను ఇంకను చెల్లుబాటులోనికి రానివని త్రోసివేయుటచే యాక్టివేషన్, నవీకరణలు, వెబ్‌సైట్లు అన్నియు నిలిచిపోవును. ఇంతటి అనర్థమునకు మూలము కొలది రూపాయల బ్యాటరీ యని తోచుట కష్టము.

32, 64 బిట్లు. 2000 దశకపు మధ్యకాలమున ఇంటెల్ కోర్ డ్యుయో వంటి ప్రాసెసర్లు 32 బిట్లవే. వానిపై 64 బిట్ల వ్యవస్థ బూట్ కాదు. ఇంటెల్ 945జీఎం చిప్‌సెట్ గల ల్యాప్‌టాప్‌లలో 4 గిగాబైట్ల ర్యామ్ వేసినను సుమారు 3 గిగాబైట్లే వాడుకకు వచ్చును. అది వ్యవస్థ దోషము కాదు గనుక మరల వేసినను పెరుగదు. కొన్ని ఆటమ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 64 బిట్లది, యూఈఎఫ్ఐ మాత్రము 32 బిట్లది. అట్టివానిపై సామాన్య 64 బిట్ల పెన్‌డ్రైవ్ కనబడదు. 32 బిట్ల బూట్ ఫైలు గల లినక్స్ ప్రతియో, 32 బిట్ల విండోస్ ప్రతియో కావలెను.

స్థాపనానంతరము

పరికరముల పట్టికలో పసుపుపచ్చని ఆశ్చర్యార్థకములు కనబడినచో మొదట చిప్‌సెట్, పిదప గ్రాఫిక్స్, నెట్‌వర్క్, శబ్దము అను వరుసలో డ్రైవర్లను వేయుట యోగ్యము. పేరు తెలియని పరికరమునకు హార్డ్‌వేర్ ఐడీలోని తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య సరిపోవును. లినక్స్‌లో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ గల యంత్రములకు వేఱుగా ఫర్మ్‌వేర్ కావలసియుండెడిది. డెబియన్ 2023 నాటి 12వ విడుదలనుండి అధికారిక ప్రతులలోనే అట్టి ఫర్మ్‌వేర్‌ను చేర్చుటచే ఈ చిక్కు కొంత తగ్గినది. తెర నల్లబడినచో బూట్ వరుసలో ‘నోమోడ్‌సెట్’ అను మాట చేర్చి లేపుట తాత్కాలికోపాయము.

నేడు విండోస్ 7ను కొత్తగా వేసినవారికి నవీకరణలు దొరకకపోవుటకు కారణము, 2019 నుండి అవి షా-2 సంతకముతో మాత్రమే వచ్చుట. ఆ సంతకమును గుర్తింపజేయు నవీకరణను ముందుగా చేతితో వేయవలెను. క్రోమ్ బ్రౌజర్ 109వ సంచికతోనే విండోస్ 7ను విడిచినది.

వ్యవస్థ ఎంపిక

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న తయారీదారుని సాధారణ పోషణ ముగిసినది. విండోస్ 11 అధికారికముగా టీపీఎం 2.0 అను భద్రతా భాగము, సెక్యూర్ బూట్, 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల స్థలము కోరును. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంచుమించు 8వ తరమునుండియే అనుమతించును. అనగా ఈ వ్యాసవిషయమైన ల్యాప్‌టాప్‌లు దానికి అర్హములు కావు. నియమములను తప్పించి వేయు ఉపాయములు ప్రచారములో నున్నను, 2024 నాటి 24హెచ్2 సంచిక కొన్ని ప్రాసెసర్ ఆదేశములను తప్పనిసరి చేయుటచే, మిక్కిలి పాత కోర్ 2 యంత్రములు బూట్ కూడ కావు. ఇట్టి యంత్రములకు లినక్స్ మింట్, లుబుంటు వంటివి అనుకూలములు. 2 గిగాబైట్ల ర్యామ్‌కు లోబడినవానికి యాంటిఎక్స్, పప్పీ వంటి తేలికవానిని ఎన్నుకొందురు. అన్నిటికన్న ఎక్కువ మార్పు తెచ్చునది హార్డ్‌డిస్క్‌కు బదులు సాటా ఎస్ఎస్‌డీ వేయుట; పునఃస్థాపన చేయుచున్నవారు ఆ సమయముననే దీనిని ముగించుట శ్రమలాఘవమునకు దారి. ఎక్స్‌పీ కాలపు విభజన 63వ సెక్టారున మొదలగును, నేటి డిస్కుల 4096 బైట్ల ఖండములతో పొసగదు. కాబట్టి పాత విభాగమును యథాతథముగా ఎస్ఎస్‌డీకి నకలు చేయుటకంటె కొత్తగా విభజించుట మేలు.

ప్రాధాన్యము

పోషణ ముగిసినంతనే యంత్రము చెత్త కాదు. కాలేజీ విద్యార్థికి, చిన్న దుకాణపు లెక్కలకు, గ్రామ గ్రంథాలయమునకు 2011 నాటి ల్యాప్‌టాప్ ఇంకను పనికివచ్చును; దానిని నిలుపుట సొమ్మును మిగుల్చును, ఇ-వ్యర్థమును తగ్గించును. సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విపణులు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లకును వాని విడిభాగములకును ప్రసిద్ధములు. అయితే లైసెన్సులేని ప్రతులను యాక్టివేటర్ ప్రోగ్రాములతో చెల్లుబాటు చేయు అలవాటు కలదు. ఆ ప్రోగ్రాములు పనిచేయుటకు ముందు యాంటీవైరస్‌ను ఆపుమని కోరుట గమనించినచో, యజమాని తన తలుపును తానే తెఱచుచున్నాడని తెలియును.

తెలుగు లిపి: పునఃస్థాపనలో ప్రత్యేక సమస్యలు

ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉన్నను తెలుగు అక్షరములు సరిగా కూడవలెననిన, ప్రాంతీయ అమరికలలో సంక్లిష్ట లిపుల పెట్టెను టిక్కు చేసి, సీడీలోని ఐ386 ఫోల్డరును చూపవలసియుండెను. సీడీ పోయినవారికి వత్తులును గుణింతములును విడివిడిగా కనబడుచుండెను. విస్టానుండి ఈ అవసరము తొలగినది. విండోస్ 8 తరువాత నిర్మలా యూఐ, లినక్స్‌లో లోహిత్, నోటో ఫాంట్లు ఆ పనిని చేయును. తెలుగు ముఖముతో ఒక లినక్స్ వ్యవస్థను హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కూర్చినది.

యూనికోడ్‌కు పూర్వపు ఫైళ్లది వేఱు సంగతి. ‘అను’ స్క్రిప్ట్ మేనేజర్ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పత్రములలో తెలుగు అక్షరములు ఆంగ్ల సంకేతముల స్థానములను ఆక్రమించియుండును. పునఃస్థాపన తరువాత ఆ ఫాంట్లు లేనిచో, పెండ్లిపత్రిక ఫైలు తెఱచినంతనే ఆంగ్లాక్షరములు, విరామచిహ్నములు కలగాపులగముగా తెరనిండ కనబడును. ఫైలు చెడినదని తుడిచివేసినవారును లేకపోలేదు. అది చెడలేదు, ఫాంట్ తిరిగి వేసినచో అక్షరములు యథాస్థానమునకు వచ్చును. కావున డీటీపీ యంత్రములలో ఫార్మాట్‌కు ముందు ఫాంట్స్ ఫోల్డరును మొత్తముగా నకలు చేయుట, ఆపరేటరు వాడు కీబోర్డు యాపిలో, మాడ్యులరో, ఇన్‌స్క్రిప్టో వ్రాసియుంచుకొనుట, ముఖ్యమైన పుటలను పీడీఎఫ్‌గా దాచుట అవసరము. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల పాత ప్రోగ్రాములు నడువవు గనుక, అట్టివాని మీద ఆధారపడిన ముద్రణశాలలు 32 బిట్ల విండోస్ గల ఒక పాత యంత్రమును ఇంటర్నెట్‌కు దూరముగా నిలుపుకొనుట మంచిది.